మనుషుల డాక్టర్లకు, పశువుల డాక్టర్లకు కలిపి ఒకే ఉత్తరం

డాక్టర్ గార్లందరికీ నమస్కారం.

మనుషులకు వైద్యం చేసేవారికీ, జంతువులకు వైద్యం చేసేవారికీ కలిపి రాస్తున్నాను. మీలో ఒకరికే రాస్తే సగం విషయం మిగిలిపోతుంది. మా ఇంట్లో అలాగే సగం మిగిలిపోయి, అమ్మ ప్రాణం మీదికి వచ్చింది.

మొదట జబ్బుపడింది మా కుక్క. రెండు రోజులు గిన్నె దగ్గరికే రాలేదు. మూడో రోజు పొద్దున లేచి చూస్తే గచ్చు మీద వరసగా రక్తపు చుక్కలు. దాని ముక్కులోంచి కారుతున్నాయి. పశువైద్యులు వచ్చి పెదవి ఎత్తి చిగుళ్లు చూశారు, పాలిపోయి తెల్లగా ఉన్నాయి. చెవి మడిచి నన్ను దగ్గరికి రమ్మన్నారు. లోపలి మడతలో పిడుదులు, బూడిదరంగులో ఆముదపు గింజల్లా ఉబ్బి, ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ అతుక్కుని ఉన్నాయి. (లాటిన్‌లో పిడుదుకూ ఆముదం మొక్కకూ పేరు ఒకటేనట, రిసినస్. ఆ గింజను చూసిన ఎవరికైనా అదే తడుతుంది కాబోలు.) రక్తపరీక్షలో ఎర్లీషియా అనే సూక్ష్మజీవి సోకిందని తేలింది. ప్లేట్‌లెట్లు బాగా పడిపోయాయి. డాక్సీసైక్లిన్ 28 రోజులు వేయమని రాసి, పిడుదుల మందు కూడా ఇచ్చి వెళ్లారు. ఆ వైద్యంలో వంక పెట్టడానికేమీ లేదు. కుక్క బతికింది.

కానీ అప్పటికే అమ్మ లోపల గదిలో జ్వరంతో పడుకుని ఉంది. ఆ మాట వారికి నేను చెప్పలేదు, వారు అడగలేదు.

అమ్మకు మలేరియా చూశారు, డెంగీ చూశారు, టైఫాయిడ్ చూశారు. ఏదీ తేలలేదు. జ్వరం మాత్ర, ఒక యాంటీబయాటిక్, అది పనిచేయకపోతే ఇంకొకటి. మూడో రోజు మణికట్టు మీదా చీలమండల మీదా ఎర్రని మచ్చలు లేచాయి. నాలుగో రోజుకి అవి అరచేతుల్లోకీ అరికాళ్లలోకీ పాకాయి. మందు పడలేదేమో అన్నారు. తలనొప్పికి అమ్మ వెలుతురు చూడలేకపోయేది, కిటికీలన్నీ మూసి కూర్చునేవాళ్లం. ఆరో రోజు చీర మారుస్తుంటే మోకాలి వెనక ఒక నల్లని పొక్కు కనిపించింది. అగరుబత్తి అంటించినట్టు గుండ్రంగా ఉంది, చుట్టూ ఎరుపు. ఇంకో ఆసుపత్రికి తీసుకెళ్లాం. అక్కడి డాక్టరమ్మ ఆ పొక్కును చూసి, అరచేతులు తిప్పి చూసి, తలెత్తి ఒక్కటే అడిగింది, "ఇంట్లో కుక్క ఉందామ్మా?" అని.

ఉందని చెప్పాను. పిడుదులు పట్టాయని, అమ్మే రోజూ మధ్యాహ్నం మెట్టు మీద కూర్చుని వాటిని తీసి బొటనవేలి గోటితో నలిపేదని చెప్పాను. రిపోర్టు కోసం ఆగకుండా ఆ సాయంత్రమే మందు మొదలుపెట్టింది. రెండు రోజుల్లో జ్వరం దిగింది.

అమ్మను ఇంటికి తెచ్చిన రాత్రి మాత్రలు సర్దుతున్నాను. అలమరలో కుక్క మందులు ఒక పక్క, అమ్మ మందులు ఒక పక్క పెట్టాను. రెండు స్ట్రిప్పుల మీదా ఒకే పేరు. డాక్సీసైక్లిన్. కుక్కకి మూడో రోజే అందిన మందు అమ్మకి ఆరో రోజు అందింది. అప్పటి నుంచి నన్ను నిద్రపోనివ్వనిది ఇదే. (ఇది చదివి ఎవరూ కుక్కకి రాసిన మాత్ర తామే మింగకండి. ఎవరికి, ఎంత, ఎన్నాళ్లు అన్నది డాక్టరే చెప్పాలి.)

తర్వాత కూర్చుని చదువుకున్నాను. రెండు జబ్బులు వేరు, వాటి సూక్ష్మజీవులు వేరు. కానీ కుక్కల మీద ఎక్కువగా కనిపించే గోధుమరంగు పిడుదు, రిపిసెఫాలస్ సాంగ్వినియస్, కుక్కకి ఎర్లీషియానూ మోస్తుంది, మనిషికి అమ్మకొచ్చినలాంటి మచ్చల జ్వరం తెచ్చే రికెట్సియానూ మోస్తుంది. అది పొదల్లోంచి వచ్చి పోయేది కాదు. ఇంట్లోనే పుట్టి, గోడ పగుళ్లలో పొదిగి, తన బతుకంతా మనతోనే గడుపుతుంది. కుక్క చెవిలో పిడుదులు చూసిన పశువైద్యులు నిజానికి ఆ ఇంటి మనుషులకు రాబోయే జ్వరాన్ని కూడా చూశారు. అమ్మ ఒంటి మీద మచ్చలు చూసిన డాక్టర్ల ముందు కుక్క జబ్బు కూడా ఉంది. ఇద్దరి దగ్గరా చెరో సగం. కలిపే మనిషే లేడు.

మీరిద్దరూ కలిస్తే ఏమవుతుందో చరిత్రలో ఉంది. అమెరికా దక్షిణ ప్రాంతం నుంచి పశువుల మందలను ఉత్తరాదికి తోలుకెళ్తుంటే, అవి నడిచిన దారిలో మేసిన ఉత్తరాది పశువులు ఎర్రగా మూత్రం పోసుకుని చచ్చిపోయేవి. దక్షిణాది పశువులు మాత్రం నిక్షేపంలా ఉండేవి. ఇది పిడుదుల పనేనని పశువులు కాసేవాళ్లు ఎప్పుడో అన్నారు, పెద్దలు కొట్టిపారేశారు. థియోబాల్డ్ స్మిత్ చదివింది మనుషుల వైద్యం, ఫ్రెడ్ కిల్‌బోర్న్ పశువైద్యుడు. ఇద్దరూ కలిసి దక్షిణాది పశువుల ఒంటి మీది పిడుదులన్నీ చేత్తో ఏరి, ఆ పశువులను ఉత్తరాది పశువులతో ఒకే దొడ్లో కట్టారు. జబ్బు రాలేదు. వేరే దొడ్లో పశువులను వదిలి, గడ్డి మీద పిడుదులు చల్లారు. జబ్బు వచ్చింది. ఇంకా ముందుకెళ్లి, గుడ్ల నుంచి అప్పుడే పొదిగిన, ఇంతవరకు ఎవరి రక్తమూ తాగని పిల్ల పిడుదులను పశువుల మీద వేశారు. వాటితోనూ జబ్బు వచ్చింది, అంటే ఆ జబ్బు తెచ్చే బెబీసియా అనే సూక్ష్మజీవిని తల్లి పిడుదు గుడ్డులోనే పెట్టి పోతుందన్నమాట. 1893లో అదంతా అచ్చయింది. ఒక జంతువు నుంచి ఇంకో జంతువుకి పిడుదులాంటి జీవి రోగం మోసుకెళ్తుందని మొదటిసారి రుజువు చేసింది ఆ ఇద్దరే. దోమ మలేరియా మోస్తుందని తేలింది ఆ తర్వాతే.

నేను అడిగే మొదటి కోరిక చాలా చిన్నది. మనుషుల డాక్టర్ గారూ, కారణం తెలియని జ్వరంతో ఎవరొచ్చినా "ఇంట్లో జంతువులున్నాయా, వాటికి పిడుదులున్నాయా, ఈమధ్య అడవికో గడ్డి మైదానానికో వెళ్లారా" అని అడగండి. ఒళ్లంతా చూడండి, ముఖ్యంగా మోకాళ్ల వెనక, చంకల్లో, గజ్జల్లో, తలలో, చెవుల వెనక. పిడుదు కాటు నొప్పి పుట్టదు, దాని లాలాజలంలోనే తిమ్మిరెక్కించే పదార్థం ఉంటుంది. అందుకే రోగి "నన్నేదీ కుట్టలేదు" అంటే నమ్మి వదిలేయకండి. అమ్మ కూడా అలాగే అంది. మచ్చల జ్వరంలో మొదటి వారం యాంటీబాడీ పరీక్ష నెగటివ్‌గానే రావచ్చు. అనుమానం బలంగా ఉంటే రిపోర్టు కోసం ఆగకూడదని మీ పుస్తకాల్లోనే రాసి ఉంది.

పశువుల డాక్టర్ గారూ, మిమ్మల్ని అడిగేదీ ఒక్క వాక్యమే. మందు చీటీ రాసి లేచేటప్పుడు "ఇంట్లో ఎవరికైనా జ్వరంగా ఉందా?" అనండి. ఉందంటే, "పిడుదులు పట్టిన జంతువు ఇంట్లో ఉంది" అని చీటీ వెనక రెండు ముక్కలు రాసివ్వండి. ఆ కాగితం పట్టుకుని మేం ఆసుపత్రికి వెళ్తాం. మేం నోటితో చెప్పేదానికి లేని బరువు మీ సంతకానికి ఉంటుంది.

ఇక్కడ పిడుదు గురించే కొంచెం చెప్పాలి. మనం పిడుదు అనీ గోమారి అనీ ఒకే మాటతో పిలిచేవాటిలో రెండు పెద్ద కుటుంబాలున్నాయి, వాటి నడవడి పూర్తిగా వేరు. ఇంతకాలం ఆ తేడా నాకూ తెలియదు.

గట్టి పిడుదుకు వీపు మీద పెంకు ఉంటుంది. మగదానికి వీపంతా పెంకే. ఆడదానికి ముందు భాగంలోనే, వెనక పొట్ట సాగాలి కదా. పైనుంచి చూస్తే నోరు ముందుకు పొడుచుకుని కనిపిస్తుంది. ఇది గడ్డిపోచ చివరికెక్కి ముందు కాళ్లు చాచి నిలబడుతుంది. ఆ కాళ్ల మీద ఉండే అవయవంతో మన ఊపిరిని, ఒంటి వేడిని, వాసనను పసిగట్టి, పక్కనుంచి పోతున్న జంతువును పట్టుకుంటుంది. ఒకసారి పట్టుకుంటే రోజుల తరబడి వదలదు, చాలా జాతులు నోటి చుట్టూ సిమెంటులాంటి జిగురు పోసుకుంటాయి. కడుపు నిండిన ఆడ పిడుదు నేల మీద రాలి, వేల గుడ్లు ఒకే విడతలో పెట్టి చచ్చిపోతుంది. కొన్ని జాతులు పిల్లగా ఒక జంతువు మీద, ఎదిగాక ఇంకోదాని మీద, పెద్దయ్యాక మూడోదాని మీద తాగుతాయి. ఎలుక దగ్గర పుట్టిన రోగం మనిషి దాకా వచ్చేది ఆ మెట్ల మీదుగానే.

మెత్తని పిడుదుకు పెంకు ఉండదు. ముడతలు పడ్డ తోలు ముక్కలా ఉంటుంది, నోరు కడుపు కింద దాగి ఉంటుంది. పగలు గోడ పగుళ్లలో, కోళ్ల గూటి చెక్కల సందుల్లో, ఎలుక బొరియల్లో, గుహల్లో నక్కి ఉండి రాత్రి వస్తుంది. పెద్దది ఒక గంటలోపే తాగేసి వెళ్లిపోతుంది. కొంచెం తాగడం, కొన్ని గుడ్లు పెట్టడం, మళ్లీ తాగడం, ఇలా బతుకుతుంది. ఆకలికి ఓర్చుకోవడంలో దీన్ని మించిన జీవులు అరుదు. ఆఫ్రికా నుంచి తెచ్చిన ఆర్గాస్ బ్రంప్టి అనే మెత్తని పిడుదులు ఒక ప్రయోగశాలలో ఏమీ తినకుండా 8 ఏళ్లు బతికాయి.

ఈ తేడా ఎందుకింత పట్టి చెబుతున్నానంటే, కోళ్లు వాడిపోయి, పాలిపోయి చస్తుంటే మనం పగటిపూట కోడిని ఎత్తి చూస్తాం. ఈకల కింద పిల్ల పిడుదులు దొరికితే దొరకొచ్చు, పెద్దవి మాత్రం దొరకవు. పిడుదుల్లేవనుకుని వేరే మందు వేస్తాం. రాత్రి టార్చి పట్టుకుని గూటి చెక్కల సందులో కత్తి మొన పెట్టి గీరితే అప్పుడు రాలతాయి. కోళ్లలో స్పైరోకీటోసిస్ అనే జబ్బు తెచ్చేది ఆ పిడుదే. మనుషుల్లోనూ అంతే. పాత గుడిసెల్లో, అడవి బంగళాల్లో, గుహల్లో పడుకున్నవాళ్లకు జ్వరం వచ్చి, తగ్గి, వారం తిరిగేసరికి మళ్లీ వస్తుంది. రాత్రి ఎప్పుడో అరగంట తాగి వెళ్లిన పిడుదును ఎవరు చూశారు? ఆ మళ్లీమళ్లీ వచ్చే జ్వరానికి కారణం వెతుకుతూనే జోసెఫ్ డట్టన్ అనే డాక్టరు 1905లో కాంగోలో అదే జ్వరంతో పోయాడు. ఆ సూక్ష్మజీవికి ఇప్పుడు ఆయన పేరే ఉంది. జ్వరం ఉన్నప్పుడు తీసిన రక్తపు చుక్కను మైక్రోస్కోపు కింద పెడితే అది స్ప్రింగులా మెలికలు తిరుగుతూ కనిపిస్తుంది. జ్వరం దిగాక తీస్తే దొరకడం కష్టం. అడగాల్సిన ప్రశ్న "పిడుదు కుట్టిందా" అని కాదు, "ఈ మధ్య ఎక్కడ పడుకున్నారు" అని.

జంతువు ముందే చెప్పిన కథలు ఇంకా ఉన్నాయి. 1957లో షిమోగా దగ్గరి క్యాసనూరు అడవిలో కోతులు, కొండముచ్చులు చచ్చి పడ్డాయి. చుట్టుపక్కల మనుషులకూ తీవ్రమైన జ్వరాలు, రక్తస్రావం. చచ్చిన కోతి చల్లబడగానే దాని మీది పిడుదులు దిగి చుట్టూ చేరతాయి, ఆ చోట నడిచినవాడి కాళ్లకు ఎక్కుతాయి. అందుకే దాన్ని కోతి జ్వరం అంటారు, మోసేది మాత్రం హీమాఫిసాలిస్ అనే గట్టి పిడుదు. అడవిలో కోతి శవం కనిపిస్తే ఆ కబురు పశువైద్యుల దగ్గరే ఆగిపోకుండా అదే రోజు మనుషుల ఆసుపత్రికి చేరాలి.

క్రిమియన్ కాంగో జ్వరం దీనికి పూర్తిగా తలకిందులు. హయలొమ్మా పిడుదు పట్టిన ఆవుకో గొర్రెకో వైరస్ ఉన్నా జంతువు హాయిగా మేస్తూనే ఉంటుంది. పిడుదు నలిపినవాడికో, ఆ జంతువును కోసి రక్తం తగిలినవాడికో వస్తుంది, వాడి నుంచి చూసుకునేవాళ్లకు వస్తుంది. 2011లో గుజరాత్‌లో రోగితో పాటు వైద్యం చేసిన డాక్టరు, నర్సు కూడా చనిపోయారు. మీ ప్రాణాలకు సంబంధించిన సంగతి ఇది. రక్తస్రావంతో వచ్చిన మనిషిని ముట్టుకునే ముందే "పశువుల పనా?" అని అడగాలి.

పిడుదుతోనే వచ్చే లైమ్ జబ్బు గురించి ఎక్కువ చెప్పను. 1970ల మధ్యలో అమెరికాలోని కనెక్టికట్‌లో పిల్లల మోకాళ్లు వాస్తున్నాయని మొదట పట్టుబట్టి అడిగింది తల్లులు. 1982లో విలీ బర్గ్‌డార్ఫర్ పిడుదు కడుపులో ఆ సూక్ష్మజీవిని కనిపెట్టినట్టు ప్రకటించాడు. మధ్యలో గడిచిన ఏళ్లలో ఎంతమంది పిల్లలకు సరైన మందు అందకపోయిందో తలుచుకుంటే గుండె బరువెక్కుతుంది.

రెండో కోరిక, పిడుదును ఎలా తీయాలో మాకు నేర్పండి. ఇంటింటా తప్పే చేస్తున్నాం. కిరోసిన్ పోస్తాం, అగ్గిపుల్ల అంటిస్తాం, నూనె రాస్తాం, చివరికి గోటితో నలుపుతాం. సన్నమొన పట్టకారుతో చర్మానికి ఆనించి, నోటి దగ్గర పట్టుకుని, మెలితిప్పకుండా నిదానంగా నేరుగా పైకి లాగాలి. పొట్ట దగ్గర పట్టి నొక్కకూడదు. చేతికి తొడుగు ఉండాలి, తర్వాత సబ్బుతో కడుక్కోవాలి. ఎంత తొందరగా తీస్తే అంత మంచిది. లైమ్‌లాంటివి ఎక్కడానికి సాధారణంగా ఒక రోజు పైనే పడుతుంది, మచ్చల జ్వరానికి కొన్ని గంటలు చాలు. ఈ నాలుగు మాటలు అమ్మకి ఎవరైనా ఒక్కసారి చెప్పి ఉంటే ఆ బొటనవేలి గోరు అలా వాడేది కాదు. అది నలిగినప్పుడు వచ్చే చిన్న చప్పుడు, గోటి మీద నల్లటి రక్తం, పమిటకి తుడుచుకోవడం, అన్నీ నా కళ్ల ముందే జరిగాయి.

తీసిన పిడుదును పారేయమనకండి. చిన్న సీసాలో స్పిరిట్ పోసి, తేదీ, ఏ జంతువు మీద దొరికిందో రాసి ఉంచమనండి. రేపు జ్వరం వస్తే అది ఏ జాతి పిడుదో తెలిస్తే చాలు, సగం జబ్బుల పేర్లు కొట్టేయొచ్చు. పిడుదుతో వచ్చే పక్షవాతం అనుమానించిన చోట అయితే పిడుదును వెతికి తీయడమే ముఖ్యమైన వైద్యం. కాళ్లు చచ్చుబడుతున్న పిల్ల జుట్టులో వేళ్లు పెట్టి వెతికినవారు పిల్లను లేపి నడిపించిన సందర్భాలున్నాయి.

పశువైద్యులకు ఇంకొక్కటి. మీరిచ్చే మందు ఒంటికి రాస్తాం, పోస్తాం, తాగిస్తాం. కానీ చాలా పిడుదులు తమ బతుకులో ఎక్కువ భాగం జంతువు మీద ఉండవు, నేలలో, గోడలో, గడ్డిలో ఉంటాయి. కొట్టం పగుళ్లు పూడ్చమని, కుక్క పడుకునే గుడ్డను వేడినీళ్లలో ఉతకమని, ఎన్ని రోజులకు మళ్లీ మందు వేయాలో, ఒకే మందు ఏళ్ల తరబడి వాడితే పిడుదులు దానికి ఎలా అలవాటుపడతాయో విడమరిచి చెప్పండి. కుక్కకిచ్చే పెర్మెత్రిన్ మందు పిల్లికి రాస్తే పిల్లి చచ్చిపోవచ్చని కూడా చెప్పండి. రెండూ ఉన్న ఇళ్లు చాలా ఉన్నాయి.

మీకు తీరిక లేదని తెలుసు. వరుసలో నూరుమంది కూర్చుని ఉంటే ఒక్కొక్కరికి మూడు నిమిషాలు కూడా దొరకవు. అందుకే పెద్ద పథకాలేవీ అడగడం లేదు. మీ ఊళ్లో ఉన్న మనుషుల డాక్టరు దగ్గర పశువుల డాక్టరు ఫోన్ నంబరు ఉండాలి, ఆయన దగ్గర వీరిది ఉండాలి. పిడుదులు ఎక్కువైన నెలల్లో ఒకరికొకరు ఒక్క మెసేజ్ పెట్టుకోవాలి. అంతే అడుగుతున్నాను.

ఆ రోజు కుక్క చెవిలోంచి తీసినవాటిలో రెండు పిడుదులు నా దగ్గర సీసాలో ఉన్నాయి. మూత మీద తేదీ వేశాను. దాని కిందే అమ్మకు జ్వరం మొదలైన తేదీ కూడా రాశాను. మీలో ఎవరు అడిగినా తెచ్చి చూపిస్తాను.

ఇట్లు,
ఇద్దరు డాక్టర్లనూ ఒకే వారంలో పిలుచుకున్న ఒక ఇంటి కూతురు